టేపు నల్లబడితే చాలనుకున్నాం: రెండు కుర్చీల డెంటల్ క్లినిక్‌లో ఆరు నెలలు

విశాఖ మురళీనగర్‌లో మాది చిన్న క్లినిక్. రెండు కుర్చీలు, ఇద్దరు డాక్టర్లం, ఇద్దరు అసిస్టెంట్లు, శుభ్రం చేసే ఆవిడ ఒకరు. రోజుకి పదిహేను నుంచి ఇరవై మంది పేషెంట్లు. 2025 జూన్ 8 ఆదివారం నుంచి డిసెంబర్ దాకా క్లినిక్‌ని శుభ్రత, భద్రతా ప్రమాణాల దారిలోకి తెచ్చే పని చేశాం. ఏది ఎన్నాళ్లు పట్టింది, ఎక్కడ బోర్లాపడ్డాం, ఎంత ఖర్చయింది అన్నది వరసగా రాస్తున్నాను. ఇదే పని మొదలుపెట్టేవాళ్లకి కనీసం మా తప్పులైనా కలిసొస్తాయి.

మమ్మల్ని కదిపింది తమిళనాడు వార్త. వాణియంబాడిలో ఒక డెంటల్ క్లినిక్‌కి వెళ్లిన పది మందికి 2023లో మెలియాయిడోసిస్ అనే బాక్టీరియా జబ్బు మెదడుకి పాకింది, ఎనిమిది మంది పోయారు. ఆ పరిశోధన 2025లో అచ్చయింది. సెలైన్ సీసా మూతని స్టెరిలైజ్ చెయ్యని పెరియోస్టియల్ ఎలివేటర్‌తో (ఎముక మీది పొరని విడదీసే పనిముట్టు) తెరవడం, వదులుగా మూసిపెట్టి అదే సీసాని మళ్లీ వాడటం, దీనివల్లే అయ్యుంటుందని తేల్చారు. చదివాక ముందు చూసుకున్నది మా సెలైన్ సీసానే. దాని నెత్తిన గాలి ఆడటానికని గుచ్చిన సూది పొద్దుటి నుంచి అలాగే ఉంది. ఆ సీసాలోంచి అప్పటికి నలుగురికి వాడేశాం.

పరిచయస్తుల ద్వారా ఒక పెద్దాసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసే సీనియర్ సిస్టర్‌ని ఆదివారం పూట రమ్మన్నాం. ఫీజు 7,000. ఆసుపత్రులకి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ వాళ్ల దంతవైద్య ప్రమాణాల పుస్తకం చేతిలో పెట్టుకుని, పేషెంటు గుమ్మంలోకి అడుగుపెట్టినప్పటి నుంచి ట్రే సింక్‌లో పడేదాకా ప్రతి అడుగూ చేసి చూపించమన్నారు. ఆ గుర్తింపుకి (అక్రెడిటేషన్) మేం దరఖాస్తు పెట్టలేదు. ఆ పుస్తకాన్ని చెక్‌లిస్టుగానే వాడుకున్నాం. నాలుగు గంటల్లో ఆవిడ 41 లోపాలు రాశారు. అల్మారాలోంచి ఒక ఫోర్సెప్స్ ప్యాకెట్ తీసి, "ఇది ఏ రోజుదండీ డాక్టర్ గారూ?" అన్నారు. జవాబు లేదు. "టేపు నల్లబడింది కదండి మేడమ్" అంది మా అసిస్టెంట్. సిస్టర్ నవ్వలేదు, కోప్పడలేదు. 12వ నంబరు వేసి రాసుకున్నారు.

ఆ టేపు సంగతి ముందు చెప్పాలి. ఆటోక్లేవ్ అంటే ఒత్తిడి పెట్టిన ఆవిరితో పనిముట్లని స్టెరిలైజ్ చేసే మెషీన్. దానిలో పెట్టే ప్యాకెట్లకి అంటించే టేపు మీద చారలు నల్లబడితే ఆ ప్యాకెట్ వేడిలోకి వెళ్లొచ్చిందని అర్థం, అంతవరకే. లోపలి పనిముట్టుకి తగినంత ఆవిరి తగినంత సేపు తగిలిందా లేదా అన్నది టేపుకి తెలియదు. ఉష్ణోగ్రత, సమయం, ఆవిరి మూడూ కుదిరితేనే రంగు మారే స్ట్రిప్‌లు వేరే ఉన్నాయి, వాటిని ప్యాకెట్ లోపల పెట్టాలి. అసలు పరీక్ష స్పోర్ ఆంప్యూల్. అందులో జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే మొండి బాక్టీరియా స్పోర్లు (వేడికి తేలిగ్గా చావని విత్తుల్లాంటివి) ఉంటాయి. సైకిల్ అయ్యాక ఆంప్యూల్‌ని నలిపి, చిన్న ఇన్‌క్యుబేటర్‌లో 56 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతాం. ఊదారంగు అలాగే ఉంటే స్పోర్లు చచ్చినట్టు, పసుపు తిరిగితే బతికున్నట్టు. ఆటోక్లేవ్‌లో పెట్టని ఆంప్యూల్ ఒకటి పక్కనే ఉంచాలి. అది పసుపు తిరగకపోతే ఆ బ్యాచే పనికిరాదు, పరీక్ష చెల్లదు.

జూన్ 16 సోమవారం మా పాత ఆటోక్లేవ్‌లో మూడు ఆంప్యూల్స్ పెట్టాం, పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి. కుక్కర్‌లా నిలువుగా ఉండే రకం అది, తొమ్మిదేళ్లుగా వాడుతున్నాం. ఎప్పటిలాగే నింపి, 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర 20 నిమిషాలు ఉంచాం. మర్నాడు పొద్దున చూస్తే నడుమ పెట్టింది పసుపు తిరిగింది.

దాని చుట్టూ ఉన్న ప్యాకెట్లన్నిటి మీదా టేపు నిగనిగలాడుతూ నల్లగానే ఉంది. ఆ పూట ముగ్గురికి పళ్లు తియ్యాల్సి ఉంది, ఫోన్ చేసి వాయిదా వేశాం. ఎక్కువ బాధించింది వేరే సంగతి. అంతకుముందు వారం ఏ లోడు పనిముట్లు ఎవరికి వాడామో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఫలానా వాళ్లని పిలిచి చూద్దామన్నా ఎవర్ని పిలవాలో తెలియదు.

కారణం వెతికితే మెషీన్ పాడవలేదు, నింపడంలో తప్పు. ప్యాకెట్లు ఒకదాని మీద ఒకటి కుక్కడంతో నడుమ గాలి చిక్కుకుపోయింది. పైగా ఆవిరి బుస్సుమనగానే వాల్వు మూసేసే అలవాటు. గేజి ఒత్తిడినే చూపిస్తుంది. ఆ ఒత్తిడి ఆవిరిదా, గాలిదా అన్నది దానికి పట్టదు. లోపలి గాలంతా పోతేనే 15 పౌండ్ల దగ్గర 121 డిగ్రీలు వస్తాయి. సగం గాలి మిగిలితే అదే ముల్లు దగ్గర 112 డిగ్రీలే. గాలి అసలు తియ్యకపోతే 100కి అటూ ఇటూ. గేజిలో మూడింటికీ తేడా ఉండదు.

ఆ రోజు నుంచి లోడు సగానికి తగ్గించాం. ఆవిరి తెగకుండా ధారగా పది నిమిషాలు బయటికి పోయాకే వాల్వు మూశాం. జూన్ 18, 19, 20 మూడు రోజులూ స్పోర్ పరీక్ష పాసయ్యాకే మళ్లీ పళ్లు తియ్యడం మొదలెట్టాం.

అయినా ఆ మెషీన్ మా పనికి చాలదు. ఎయిరోటర్ (పన్ను తొలిచే డ్రిల్లు) లోపల సన్నని గొట్టాలుంటాయి, వాటిలో గాలి తనంతట తను బయటికి రాదు. మూడు నాలుగు సార్లు వాక్యూమ్ లాగి ఆవిరి పంపే క్లాస్ బి ఆటోక్లేవ్ కావాలి. వాక్యూమ్ లాగని క్లాస్ ఎన్ రకం ప్యాక్ చెయ్యని గట్టి పనిముట్లకే. అమ్మేవాళ్లు ఈ ముక్క తమంతట తాము చెప్పరు, అడగాలి. 22 లీటర్ల క్లాస్ బి జూన్ 21న ఆర్డరిచ్చాం, 1,72,000. వారంలో వస్తుందన్నారు, జులై 9న వచ్చింది. ఆ పద్దెనిమిది రోజులూ ఎయిరోటర్లని పాత మెషీన్‌లో విడిగా వేసి వాడాం. పూర్తిగా సరిపోదని తెలిసీ అంతకన్నా దారి దొరకలేదు.

పెట్టె విప్పాక తెలిసిన మొదటి సంగతి, అది 2.2 కిలోవాట్లు లాగుతుంది. కంప్రెసర్ ఉన్న లైన్‌లోనే పెడితే రెండూ కలిసి ఎంసీబీని పడగొట్టాయి. మీటరు బోర్డు నుంచి దానికోసమే వేరే లైను, 16 ఆంపియర్ల సాకెట్, స్టెబిలైజర్ కలిపి 11,300 అయింది. రెండోది నీళ్లు. కుళాయి నీళ్లు పోస్తే రెండు నెలల్లో హీటరు మీద తెల్లటి పెచ్చు కడుతుంది, వాల్వులు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ వాటరే పొయ్యాలి. 20 లీటర్ల క్యాను మాకు 120 పడుతోంది. వాడేసిన నీళ్ల ట్యాంకుని రోజూ, మంచినీళ్ల ట్యాంకుని వారానికోసారి ఖాళీ చెయ్యాలి.

బిగించడానికి వచ్చిన అబ్బాయి బటన్లు చూపించి వెళ్లిపోయాడు. మొదటి రెండు వారాలూ పౌచ్‌లు (పనిముట్లు పెట్టి మూసే, ఒకవైపు కాగితం, ఇంకోవైపు ప్లాస్టిక్ ఉన్న సంచులు) తడితడిగా బయటికొచ్చాయి. తడిసిన పౌచ్ అంటే స్టెరైల్ కానట్టే లెక్క, తడి కాగితం గుండా బయటి సూక్ష్మజీవులు లోపలికి పాకుతాయి. మెషీనే చెడిపోయిందని రెండుసార్లు ఫోన్ చేశాం. తప్పులన్నీ మావే. పౌచ్‌లని పడుకోబెట్టి పేర్చాం, పుస్తకాల్లా నిలబెట్టాలి. కడిగిన పనిముట్లని ఆరబెట్టకుండా ప్యాక్ చేశాం. ఆరబెట్టే దశ పూర్తవకుండానే తలుపు తీశాం, అవతల పేషెంటు కూర్చుని ఉంటే ఆ పది నిమిషాలు ఓపిక పట్టడం ఎంత కష్టమో క్లినిక్ నడిపేవాళ్లకి తెలుసు. వీటికి తోడు విశాఖ జులై గాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా ఏసీ ఆపేస్తే అల్మారా తలుపు మీద చెమ్మ తెలుస్తుంది. ఇప్పుడు ఆ అల్మారాని సింక్ గోడ నుంచి ఎదుటి గోడకి మార్చాం. నెల దాటిన ప్యాకెట్‌ని విప్పి మళ్లీ మొదటినుంచీ చేస్తున్నాం.

ఇక పనిముట్ల సంఖ్య. మాకున్నవి మూడే ఎయిరోటర్లు. ఇన్నాళ్లూ పేషెంటుకీ పేషెంటుకీ నడుమ స్పిరిట్‌తో తుడిచి వాడాం. నామోషీగా ఉన్నా రాస్తున్నాను, మేం ఒక్కళ్లమే కాదు గనక. కడగడం, నూనె కొట్టడం, ప్యాకింగ్‌కి 20 నిమిషాలు, సైకిల్‌కి 50, చల్లారడానికి 15. అంటే బయటికెళ్లిన ఎయిరోటర్ తిరిగి చేతికి రావడానికి దాదాపు గంటన్నర. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకు రెండు కుర్చీలూ నడవాలంటే ఎనిమిది ఉండాలని లెక్క తేలింది. ఐదు కొన్నాం, ఒక్కోటి 9,500. కొనేముందు ఒంటి మీద 134 లేదా 135 డిగ్రీల గుర్తు చెక్కి ఉందా చూడండి. మా పాతవాటిలో ఒకదానికి ఆ గుర్తు లేదు, ఆరో సైకిల్‌కే బేరింగ్ పోయింది. నూనె ఆటోక్లేవ్‌కి ముందు కొట్టాలి, మిగులు నూనె టిష్యూలోకి ఊదెయ్యాలి. నూనె నిలిచిపోతే వేడికి జిగురై బేరింగ్‌ని పట్టేస్తుంది.

మిగతా పనిముట్లకి ఎంజైమ్ ద్రావణంలో నానబెట్టడం, తర్వాత నీళ్లలో కంపనాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ క్లీనర్. అది పనిచేస్తోందో లేదో చూసే చిట్కా సిస్టర్ చెప్పారు. వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కని నీళ్లలో వేలాడదీసి నిమిషం నడిపితే ఫాయిలంతా సూదులు గుచ్చినట్టు గుంటలు పడాలి. మాదాంట్లో ఎడమవైపు సగం నున్నగా మిగిలింది. కింద కంపనాలు పుట్టించే ట్రాన్స్‌డ్యూసర్ ఒకటి చచ్చిపోయింది, ఎన్నాళ్లయిందో.

లేబుళ్లు చవకైన పని, కానీ అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడుతోంది. ప్రతి పౌచ్ మీదా తేదీ, సైకిల్ నంబరు, ప్యాక్ చేసినవాళ్ల పొడి అక్షరాలు. ప్లాస్టిక్ వైపే రాయాలి, కాగితం వైపు రాస్తే సిరా లోపలికి ఇంకుతుంది. వాడేటప్పుడు ఆ లేబుల్‌ని పీకి పేషెంటు కేస్‌షీట్ మీద అంటిస్తాం. రోజూ మొదటి సైకిల్‌కి హెలిక్స్ టెస్ట్ (సన్నని గొట్టం లోపలిదాకా ఆవిరి చేరుతోందా అని చూసేది), వారానికోసారి సోమవారం స్పోర్ ఆంప్యూల్. అక్టోబర్ చివర్లో మొంథా తుపాను గాలికి సైకిల్ నడుస్తుండగా కరెంటు పోయింది. పౌచ్‌లు చూస్తే రంగు మారాయి, పొడిగానే ఉన్నాయి. సైకిల్ మధ్యలో ఆగితే అది అవ్వనట్టే లెక్క. 22 ప్యాకెట్లూ విప్పి, కొత్త పౌచ్‌లలో పెట్టి మళ్లీ వేశాం. జూన్‌కి ముందైతే వాడేసేవాళ్లం.

నీళ్ల పరీక్ష ఇంకో దెబ్బ. కుర్చీ గొట్టాల్లోంచి పేషెంటు నోట్లోకి వచ్చే నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి, వాసన కూడా ఉండదు. కానీ ఆ సన్నని ప్లాస్టిక్ గొట్టాల్లో గోడ అంచున నీరు దాదాపు కదలదు. రాత్రంతా, ఆదివారమంతా అలాగే నిలిచి ఉంటుంది. మన ఊరి వేడికి లోపలి గోడకి జిగురు పొర పడుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకులో ఉండగానే క్లోరిన్ కొంత ఎగిరిపోతుంది. అమెరికాలో జబ్బుల నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పే హద్దు, మిల్లీలీటరుకి 500 సీఎఫ్‌యూ (బతికున్న బాక్టీరియా లెక్క) మించకూడదు. 2015లో జార్జియాలో, 2016లో కాలిఫోర్నియాలో పిల్లలకి పల్పాటమీ (పంటి లోపలి నరం పైభాగం తీసే చికిత్స) చేసిన క్లినిక్‌లలో ఇలాంటి నీళ్ల నుంచే మైకోబాక్టీరియం ఇన్ఫెక్షన్లు వచ్చాయి.

జులై 14 పొద్దున్నే, పేషెంట్లు రాకముందు నాలుగు నమూనాలు తీశాం. రెండు కుర్చీల ఎయిరోటర్ లైన్లు, నీళ్లు, గాలి చిమ్మే త్రీ-వే సిరంజి ఒకటి, బేసిన్ కుళాయి. సీసాలు ల్యాబ్ వాళ్లిచ్చినవే వాడాలి, వాటిలో క్లోరిన్‌ని విరిచే మందు ఉంటుంది. లేకపోతే దారిలోనే క్లోరిన్ బాక్టీరియాని చంపేసి లెక్క తక్కువ చూపిస్తుంది. ఐస్ బాక్సులో పెట్టి అదే పూట ఇచ్చాం. నమూనాకి 1,100. వారం పట్టింది. జులై 21న వచ్చిన కాగితంలో కుళాయి 40, రెండో కుర్చీ 3,800, త్రీ-వే 5,200. మొదటి కుర్చీ ఎదురుగా అంకె లేదు, "లెక్కించలేనన్ని" అని రాసుంది. ఆ కుర్చీలో ఆ పొద్దునే ఇద్దరు పిల్లలకి పని చేశాం.

రెండు కుర్చీలనీ ట్యాంకు లైను నుంచి విడగొట్టి, విడి సీసాతో నీళ్లు తీసుకునేలా మార్చాం. కుర్చీకి 6,500. జులై 26 శనివారం రాత్రి షాక్ ట్రీట్‌మెంట్ చేశాం, అంటే గొట్టాల్లో గాఢమైన మందు నింపి జిగురు పొరని వదిలించడం. ఏ మందు, ఎంత గాఢత, ఎంతసేపు అన్నది కుర్చీ తయారీదారు మాన్యువల్ ప్రకారమే చెయ్యండి. బ్లీచ్ గాఢత ఎక్కువైతే రబ్బరు వాషర్లు, ఇత్తడి వాల్వులు పోతాయి. సోమవారం పొద్దున ఎవరూ ముందు చెప్పనిది జరిగింది. గొట్టాల గోడల నుంచి ఊడిన జిగురు పేలికలు వచ్చి రెండు ఎయిరోటర్ల నీటి రంధ్రాలు మూసేశాయి. షాక్ తర్వాత ఎయిరోటర్ తగిలించకుండా, ఉత్త లైను నుంచి కనీసం రెండు సీసాల నీళ్లు వదలాలని అప్పుడు తెలిసింది.

ఆగస్టు 4న మళ్లీ పరీక్ష, ఈసారి మూడు నమూనాలు. 900, 1,150, 870. ఇంత చేశాక కూడా ఇదేమిటని నీరసం వచ్చేసింది. తీరా చూస్తే సీసాలో పోస్తున్నది ఇంటింటికీ వేసే మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు. ఆర్వో నీళ్లలో క్లోరిన్ ఉండదు, మూత తెరిచిన క్యానులో మూడు నాలుగు రోజులుంటే బాక్టీరియాకి అడ్డే లేదు. పైగా సీసాలోకి దిగే గొట్టాన్ని మా అసిస్టెంట్లు గ్లవ్స్ చేత్తో పట్టుకుని పెడుతున్నారు. ఆ రెండూ మార్చాం. ఇప్పుడు ఆటోక్లేవ్‌కి తెచ్చే డిస్టిల్డ్ వాటరే సీసాలోకి కూడా, అందులో గొట్టాల్లో బాక్టీరియా పెరగకుండా వేసే వాటర్‌లైన్ టాబ్లెట్. రాత్రి సీసా తీసి కడిగి బోర్లించడం, పొద్దున రెండు నిమిషాలు నీళ్లు వదలడం, పేషెంటుకీ పేషెంటుకీ నడుమ 30 సెకన్లు. వినాయక చవితికి మూడు రోజులు మూసి తెరిచాక కావాలనే ఆగస్టు 30న రెండు నమూనాలు పంపాం, నీళ్లు నిలిచాక ఎలా ఉంటాయో చూద్దామని. 40, 110. ఆ కాగితాన్ని రిసెప్షన్‌లో అంటిద్దామా అనుకుని ఆగాం, పేషెంట్లకి అంతకుముందు సంగతి గుర్తుకొస్తుంది.

సర్జరీకి మాత్రం కుర్చీ నీళ్లు ఎంత శుభ్రమైనా వాడకూడదు. స్టెరైల్ సెలైన్, 100 మిల్లీలీటర్ల సీసా, ఒక మనిషికి ఒకటి, మిగిలింది పారబోయడం. లోకల్ అనస్తీషియాకి 30 మిల్లీలీటర్ల వయల్ మానేసి, ఒకరికే వాడి పారేసే కార్ట్రిడ్జిలకి మారాం. ఖర్చు పెరిగింది కానీ ఒకరికి వాడిన సూది మళ్లీ వయల్‌లో దిగుతుందేమోనన్న భయం పోయింది. వయల్ వాడేవాళ్లు తెరిచిన తేదీ దాని మీద రాయండి, 28 రోజులు దాటితే పారెయ్యండి.

కాగితాల పని భయపడినంత లేదు. డీఎంహెచ్‌వో ఆఫీసు రిజిస్ట్రేషన్ 2002 ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద ముందే ఉంది. ఎక్స్‌రే దగ్గర ఇరుక్కున్నాం. మెషీన్ మూతబడుతున్న ఇంకో క్లినిక్ నుంచి కొన్నది, రిజిస్ట్రేషన్ వాళ్ల పేరు మీదే ఉండిపోయింది. ఎక్స్‌రే మెషీన్లకి అనుమతిచ్చే అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) వాళ్ల ఈ-లోరా పోర్టల్లో వాళ్ల ఖాతా నుంచి మెషీన్ తీయించి మా ఖాతాలో చేర్చాలి. ఆ డాక్టర్ గారు పాస్‌వర్డ్ మర్చిపోయారు, 23 రోజులు అక్కడే పోయాయి. గుర్తింపున్న ఏజెన్సీ చేత క్వాలిటీ అష్యూరెన్స్ పరీక్ష చేయించాం, 5,500. రెండేళ్లకోసారి చేయించాలి. వాళ్లు కిలోవోల్టేజి, టైమర్, లీకేజి కొలిచారు. టైమర్ 0.2 సెకన్లు పెడితే 0.26 నడుస్తోంది. అంటే ప్రతి పేషెంటుకీ 30 శాతం ఎక్కువ డోసు పోతోంది, ఎక్స్‌రే బొమ్మలు నల్లగా వస్తే సెన్సర్ సెట్టింగ్ అనుకుంటున్నాం. టైమర్ సర్దాక రిపోర్టు అప్‌లోడ్ చేస్తే దరఖాస్తు వెనక్కొచ్చింది, బిల్లు మీద సీరియల్ నంబరు యూనిట్‌ది, మేం రాసింది ట్యూబ్ నంబరు. మెషీన్ మీద రెండు ప్లేట్లుంటాయి, రెండూ ఫొటో తీసి ఉంచుకోండి. జులై 3న మొదలుపెడితే సెప్టెంబర్ 19న చేతికొచ్చింది.

వ్యర్థాలకి 2016 నిబంధనల కింద కాలుష్య నియంత్రణ మండలికి ఫారం 2. పడకలు లేని క్లినిక్‌కి అనుమతి ఒక్కసారి తీసుకుంటే చాలు. పూర్తి కాగితాలు ఇచ్చాక 90 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఇచ్చినట్టే. ఏటా జూన్ 30లోగా ఫారం 4 మాత్రం పంపాలి, అది చాలామంది మర్చిపోతారు. చెత్త వేరు చెయ్యడంలో మేం రోజూ చేస్తున్న తప్పు సక్షన్ టిప్పులు, గ్లవ్స్ పసుపు సంచిలో వెయ్యడం. ప్లాస్టిక్, రబ్బరు ఎర్ర సంచిలోకి పోవాలి. నెత్తుటి దూది, గాజుగుడ్డ, తీసిన పళ్లు పసుపులోకి. సూదులు, బ్లేడ్లు, విరిగిన రూట్ కెనాల్ ఫైల్స్ గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. గాజు ఆంప్యూల్స్ నీలం డబ్బాలోకి. వెండి ఫిల్లింగ్ ఉన్న పన్నుని పసుపు సంచిలో వెయ్యకండి, అది కాల్చేస్తే పాదరసం గాల్లోకి పోతుంది. మూత బిగించిన డబ్బాలో విడిగా దాస్తున్నాం. నెత్తుటి వ్యర్థం 48 గంటలు దాటి ఉంచకూడదు. బండి మాత్రం పండగ రోజుల్లో రాదు, ముందే అడిగి పెట్టుకోవాలి.

ఎమర్జెన్సీ పెట్టెలో అడ్రినలిన్ ఆంప్యూల్స్ మార్చిలోనే గడువు తీరాయని జూన్‌లో సిస్టర్ చూపించారు. కొత్తవి తెచ్చి, ఆస్పిరిన్, సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్, గ్లూకోజ్, గ్లూకోమీటర్, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబు బ్యాగ్, ఆక్సిజన్ సిలిండర్ సర్దాం. అంతా కలిపి 14,200. పెట్టె మూత లోపల "అడ్రినలిన్: పెద్దవాళ్లకి 0.5 మిల్లీలీటరు, తొడ కండలోకి" అని పెద్దక్షరాలతో రాసి అంటించాం, ఆ గాభరాలో లెక్కలు తట్టవు. ఆగస్టు 9న చెప్పకుండా డ్రిల్ పెట్టాం. కుర్చీలో స్పృహ తప్పినట్టు మా డాక్టరే నటిస్తే ఆక్సిజన్ మాస్కు మొహానికి చేరడానికి 3 నిమిషాల 40 సెకన్లు. సిలిండర్ తిప్పే తాళంచెవి రిసెప్షన్ డ్రాయర్లో ఉంది. ఇప్పుడది సిలిండర్ మెడకే తాడుతో కట్టి ఉంది. మూడో డ్రిల్‌కి 50 సెకన్లలో అయింది.

గుచ్చుకోవడాలు రాసే పుస్తకం పెట్టాం. ఆరు నెలల్లో మూడు రాశాం, ఒక్కటీ డాక్టర్ చేతిలో ఇంజెక్షన్ సూది కాదు. రెండు ఎయిరోటర్‌కి తగిలించి వదిలేసిన బర్ (డ్రిల్లు ముల్లు) మోచేతికి గీరుకున్నవి. మూడోది ట్రే కడుగుతుంటే ప్రోబ్ గుచ్చుకున్నది. బర్ తీసేశాకే ఎయిరోటర్‌ని స్టాండులో పెట్టాలన్న రూలు ఆ తర్వాత వచ్చింది. గుచ్చుకుంటే నొక్కి నెత్తురు పిండకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు, సబ్బుతో పారే నీళ్ల కింద కడగాలి. పేషెంటు పేరు రాసుకుని వెంటనే కేజీహెచ్‌లోని ఏఆర్‌టీ సెంటర్‌కి (హెచ్‌ఐవీ చికిత్స కేంద్రం) వెళ్లాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు.

మొత్తం ఖర్చు 3,02,580 తేలింది, అందులో సగానికి పైగా ఆటోక్లేవ్‌దే. పౌచ్‌లకి నెలకి మరో ఐదున్నర వేలు అవుతోంది. ఫీజులు పెంచలేదు, సాయంత్రం అపాయింట్‌మెంట్ల నడుమ పది నిమిషాలు వదిలాం, రోజుకి ఇద్దరు ముగ్గురు తగ్గారు.

ఇంకా పూర్తి కానిది ఒక్కటే. హెపటైటిస్ బి టీకా అందరూ వేయించుకున్నారనే అనుకున్నాం. జూన్‌లో రక్తపరీక్ష చేయిస్తే ట్రేలు కడిగే ఆవిడకి అసలు వెయ్యలేదని తెలిసింది, అందరికన్నా ఎక్కువ పదును తగిలేది ఆవిడకే. "నాకెవలూ సెప్పనేదు డాట్రు గారూ, సూదంటే డాట్రులకే అనుకున్నాను" అంది. జూన్ 20న మొదటి డోసు, జులై 21న రెండోది, మూడోది డిసెంబర్ 20న వేయించాం. టీకా పట్టిందని చెప్పే యాంటీబాడీలు పదికి పైన వచ్చాయో లేదో చూడ్డానికి ఫిబ్రవరి మొదటివారంలో రక్తం ఇవ్వాలి. అప్పటిదాకా పదునైన ట్రేలు ఆవిడ ముట్టకుండా అసిస్టెంట్లే మందపాటి రబ్బరు గ్లవ్స్ వేసుకుని కడుగుతున్నారు.